93.5 మీద నాలుగు ఊళ్లు: ఏడేళ్లుగా వాడుతున్న రేడియో, డాబా యాంటెన్నా

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లా మీద పడ్డాక కరెంటు రావడానికి రోజులు పట్టింది. వార్తల కోసం అప్పుడు కొన్నదే ఈ బ్యాటరీ రేడియో. అరచేతిలో పడుతుంది, లోపల డీఎస్పీ చిప్ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చి శుద్ధి చేసేది), మూడు పెన్సిల్ బ్యాటరీలు. సిగ్నల్ బలాన్నీ, మాటకూ గరగరకూ మధ్య తేడానీ తెర మీద అంకెల్లో చూపిస్తుంది. తర్వాతి ఏడాది శ్రీకాకుళంలో మా డాబా మీద దీనికోసం మూడు కడ్డీల యాగీ యాంటెన్నా (తిప్పిన దిక్కు నుంచి వచ్చే సిగ్నల్‌నే బాగా అందుకునేది) కట్టాను. ఈ సమీక్ష రెండిటికీ కలిపి.

యాంటెన్నాను ఎఫ్ఎంలో 93.5 మెగాహెర్ట్జ్‌కి సరిపడా కోశాను. నడిమి కడ్డీ 1.52 మీటర్లు, వెనకది 1.60, ముందుది 1.45. ఆ నంబరే ఎందుకంటే, మా ఊళ్లో దాని మీద నాలుగు స్టేషన్లు వంతులు వేసుకుంటాయి. తిన్నగా గీత గీస్తే విశాఖ రెడ్ ఎఫ్ఎం సుమారు 100 కిలోమీటర్లు, భువనేశ్వర్ రెడ్ ఎఫ్ఎం 300, కోల్‌కతా రెడ్ ఎఫ్ఎం 660, చెన్నై సూర్యన్ ఎఫ్ఎం 700.

మ్యాపు ముందేసుకుని చూస్తే నాకు భలే ఆశ్చర్యం వేసింది. విశాఖ మాకు నైరుతి, భువనేశ్వర్ ఈశాన్యం. అంటే సరిగ్గా ఎదురెదురు దిక్కులు. యాంటెన్నా మూతి ఇటు తిప్పితే తెలుగు, అటు తిప్పితే ఒడియా. చిన్న కడ్డీ ఉన్న వైపు సిగ్నల్ బాగా అందుకుంటుంది, వీపు వైపుది తగ్గిపోతుంది. కానీ చెన్నై కూడా నైరుతిలోనే ఉంది, విశాఖకు పన్నెండు డిగ్రీలే ఎడం. కోల్‌కతా అయితే దాదాపు భువనేశ్వర్ గీత మీదే ఉంది. తీరం వెంబడి ఊళ్లన్నీ ఒక్క వరసలో ఉండడం వల్ల వచ్చిన చిక్కు ఇది. తెలుగునూ ఒడియానూ నా యాంటెన్నా విడదీస్తుంది. తెలుగునూ తమిళాన్నీ విడదీయలేదు. ఆ పని వాతావరణం చేతిలో ఉంది.

మీడియం వేవ్‌లో రాత్రిపూట రెండు స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగంగా వినిపిస్తాయి కదా, ఎఫ్ఎం అలా కాదు. రెండిట్లో ఒకటి కొద్ది డెసిబెల్స్ బలంగా ఉన్నా రేడియో దాన్నే పట్టుకుని రెండోదాన్ని నొక్కేస్తుంది. రెండూ సమానమైతేనే గొడవ. విశాఖ పాట సగంలో తెగి తమిళ ప్రకటన, మళ్లీ తెలుగు, మధ్యలో చిరిగిన గుడ్డలాంటి చప్పుడు. అలాంటప్పుడు యాంటెన్నాను నాలుగు వేళ్ల మేర తిప్పినా, పైపు కాస్త ఎత్తినా, గెలిచే స్టేషన్ మారిపోతుంది.

ధనుర్మాసం తెల్లవారుజాములు నాకు చాలా ఇష్టం. గాలి కదలదు, నేల చల్లబడి ఉంటుంది, దాని పైన వెచ్చని గాలి పొర ఉంటుంది. మామూలుగా పైకి పోవలసిన తరంగాలు ఆ పొర దగ్గర వంగి నేల వెంబడే దూరం వెళ్తాయి. ఎండ ఎక్కితే ఆ పొర చెదిరిపోతుంది. ఫిబ్రవరి దాటాక ఇదే పని సముద్రం మీద జరుగుతుంది. నేల మీది వేడి, పొడి గాలి వెళ్లి నీటి మీది చల్లని తేమ గాలి పైన కూర్చుంటుంది. అప్పుడు చెన్నై సాయంత్రాలు కూడా వస్తుంది. గాలి జోరు పెరిగిందంటే ఆశ వదులుకోవాలి.

ఈ రేడియోకు స్టేషన్ పేరు చూపించే ఆర్‌డీఎస్ లేదు. చెవితోనే పోల్చుకోవాలి. పాటను బట్టి ఊరు చెప్పలేం, ప్రకటనను బట్టి చెప్పొచ్చు. టి.నగర్ అని వినబడితే అది చెన్నై. ఈశాన్యం వైపు మాత్రం మా అమ్మే నాకు ఆధారం. ఆవిడ పుట్టిల్లు ఇచ్ఛాపురం, ఒడియా బాగా వచ్చు. ఓ జనవరి పొద్దున్న నేను భువనేశ్వర్ అనుకుని రాసుకుంటుంటే, "ఇది మన ఒడియా కాదురా, బెంగాలీలాగుంది" అంది. మొదటిసారి కోల్‌కతా పట్టింది అలా. ఏ రోజు ఏ స్టేషన్ పట్టిందో రాసుకునే నోటుపుస్తకంలో, ఆ రోజు పుటలో ఆవిడ మాటే రాసుకున్నాను.

లోపాలూ చెప్పాలి. ఆటో స్కాన్ ఇలాంటి దూరపు స్టేషన్లకు పనికిరాదు, బలహీనమైన స్టేషన్ మీద ఆగకుండా దాటిపోతుంది. నంబరు కొట్టి అక్కడే కాచుకోవాలి. స్టీరియోలో గరగర చాలా ఎక్కువ, మోనోలో పెడితేనే మాట తేలుతుంది. పక్కన ఫోన్ ఛార్జర్, ఎల్ఈడీ బల్బు ఉంటే అంకె పడిపోతుంది. కరెంటు పోయిన నిమిషంలో అదే అంకె లేవడం ఎన్నిసార్లు చూశానో! యాంటెన్నాకు ఉప్పుగాలే శత్రువు. అల్యూమినియం కడ్డీలు బాగానే ఉన్నాయి, ఇనప బోల్టులు మాత్రం రెండేళ్లకే తుప్పు పట్టాయి. కేబుల్ అతుకు దగ్గర రాగికి చిలుము పట్టి ఓసారి నెల రోజులు విశాఖ కూడా సరిగా రాలేదు. తప్పు వాతావరణానిదనుకున్నాను. ఇప్పుడు స్టెయిన్‌లెస్ బోల్టులు వేసి, అతుకును టేపుతో చుట్టి మైనం పూశాను.

కొత్తగా కొనేవాళ్లు బయటి యాంటెన్నాకు సాకెట్, మోనో బటన్, సిగ్నల్ అంకె, ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. ఆర్‌డీఎస్ ఉంటే ఇంకా మంచిది. యాంటెన్నా పైపును మాత్రం గోడకు బిగించెయ్యకండి, చేత్తో తిరిగేలా ఉంచండి.