నీటిపక్షుల కోసం 150-600 జూమ్ లెన్స్, ఒక సీజన్ వాడాక

ఫ్లాష్ లేకుండా, ఉన్న వెలుతురులోనే నీటిపక్షుల్ని తీసేవాళ్లకి ఈ జూమ్ పనికొస్తుందా అంటే, బాగా పనికొస్తుంది, కాకపోతే తెల్లవారాక కాసేపు ఆగాలి. 600 మి.మీ. దగ్గర అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ఎఫ్/6.3 కంటే ఎక్కువ తెరుచుకోదు కాబట్టి, మసక వెలుతురులో ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూనే ఉంటుంది, ఈలోగా కొంగ చేపని పట్టి మింగేస్తుంది కూడా. నాకు చాలాసార్లు అలాగే జరిగింది, నిజంగా బాధేసింది.

ఎండ ఏటవాలుగా పడటం మొదలయ్యాక ఇదే లెన్స్ ప్రాణం పోసుకుంటుంది. సూర్యుణ్ణి వీపు వైపు ఉంచుకుని, నీటి మట్టానికి దగ్గరగా బోర్లా పడుకుని, బీన్ బ్యాగ్ మీద లెన్స్ ఆనించి తీస్తే నీటికాకి కంట్లో మెరుపు, ఈకల అంచుల మీద నీటిచుక్కలు, అన్నీ స్పష్టంగా వస్తాయి. ఎగిరే పక్షికి 1/2000 సెకను షటర్ పెట్టాను, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) 1600 దాకా వెళ్లినా పర్లేదనిపించింది. తెల్లకొంగకైతే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించండి, లేకపోతే ఈకల గీతలన్నీ కాలిపోయి తెల్ల కాగితంలా కనిపిస్తాయి.

బరువు రెండు కిలోల దాకా ఉంటుంది, చేత్తో పది నిమిషాలు పట్టుకుంటే భుజం లాగేస్తుంది. చేతి వణుకుని సరిదిద్దే స్టెబిలైజేషన్ కదలకుండా నిలబడ్డ పక్షికి సాయం చేస్తుంది గానీ రెక్కల కదలికని ఆపలేదు. ఎండ ముదిరాక నీటి మీద గాలి అలలాడుతుంటే దూరపు పక్షి మెత్తగా వస్తుంది, అది లెన్స్ తప్పు కాదు, ఇంకొంచెం ఖరీదైనది కొన్నా అంతే.