నిజమే మాట్లాడమనే కోర్సు: 5కి 3 స్టార్లు

ఈ ఆన్‌లైన్ కోర్సులో చేరేదాకా నేను అబద్ధాలాడే మనిషినని నాకెప్పుడూ అనిపించలేదు. 6 వారాలు, వారానికో గంటన్నర క్లాసు, బ్యాచ్‌లో 12 మందిమి. ఇంట్లో, ఆఫీసులో, అయినవాళ్లతో పూర్తి నిజాయితీగా ఉండడం నేర్పిస్తామన్నారు.

మొదటి వారం హోంవర్క్ ఒక్కటే. ఆడిన ప్రతి అబద్ధాన్నీ ఒక చిన్న నోట్‌బుక్‌లో రాయాలి. ఎవరితో, ఎందుకు అనేది కూడా. ఇది వీళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. బెల్లా డెపౌలో అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె తోటి పరిశోధకులు అమెరికాలో 77 మంది కాలేజీ విద్యార్థులతో, 70 మంది బయటివాళ్లతో వారం పాటు ఇలాగే డైరీ రాయించి 1996లో ఆ ఫలితాలు ప్రచురించారు. విద్యార్థులు సగటున రోజుకు 2, మిగతావాళ్లు రోజుకు 1 చొప్పున ఆడారట. నాకు వారం మొత్తానికి రెండొస్తే గొప్ప అనుకున్నా. మొదటిరోజు మధ్యాహ్నానికే నాలుగయ్యాయి.

అందులో మొదటిది ఇది. ఉదయం 9:10కి ఆఫీసు నుంచి ఫోన్. "దారిలో ఉన్నానండీ, పది నిమిషాల్లో వచ్చేస్తా" అన్నాను. అప్పటికి నేను తడి జుట్టుతో, ఒక చెప్పు వేసుకుని, రెండోదాని కోసం మంచం కింద చెయ్యి పెట్టి వెతుకుతున్నాను. నోట్‌బుక్‌లో 'ఎందుకు' అన్నచోట "వాళ్లు కంగారు పడతారని" అని రాశాను. సాయంత్రం మళ్లీ చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. కొట్టేసి "తిట్లు తప్పించుకోవడానికి" అని రాశాను. ఆ తర్వాత అలాంటి కొట్టివేతలు చాలా వచ్చాయి. వారం చివర మొత్తం 23. నిజంగా ఎదుటివాళ్ల మనసు నొప్పించకూడదని ఆడినవి 5. మిగతావన్నీ నా భయం, నా బద్ధకం. ఇన్నేళ్లూ వాటిని మర్యాద అనుకుంటూ వచ్చాను. ఈ ఒక్క వారానికైతే 5 స్టార్లూ ఇచ్చేస్తాను.

మూడో వారం నుంచి తేడా కొట్టింది. మనసులో ఉన్నదంతా బయటపెట్టేయండి అన్నారు. మా బ్యాచ్‌లో ఒకాయన తమ్ముడికి ఫోన్ చేసి, పదేళ్లుగా నువ్వంటే నాకు చిరాకు అని చెప్పేసి వచ్చారు. గుండెల మీద బరువు దిగిపోయిందన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తమ్ముడు ఎలా ఉన్నాడని ఒక్కరూ అడగలేదు, నాతో సహా. ఇంకోటి. నా స్నేహితురాలు నమ్మి చెప్పిన విషయం గురించి వాళ్లాయన నన్ను అడిగితే ఏం చెప్పాలి అని క్లాసులో అడిగాను. "ఉన్నది ఉన్నట్టు చెప్పేయాలి" అన్నారు ట్రైనర్. "అది నేను చెప్పాల్సింది కాదండీ, తననే అడగండి" అంటే అందులో అబద్ధం ఎక్కడుంది? అబద్ధం ఆడకపోవడం వేరు, తెలిసిందంతా కక్కేయడం వేరు. ఆరు వారాల్లో ఈ మాట ఒక్కసారి కూడా రాలేదు. స్టార్లు తగ్గింది ఇక్కడే.

నేను బయటపెట్టింది చిన్నదే. అక్క రాత్రిపూట ఫోన్ చేస్తే కాసేపు విని, నిద్రొస్తోందని చెప్పి పెట్టేసేదాన్ని. ఈసారి "అక్కా, నిద్ర రావట్లేదు. రోజూ బావగారి మీద చాడీలు వినీ వినీ నాకు తల బరువెక్కుతోంది" అన్నాను. అటునుంచి చాలాసేపు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. "మరి ఇన్నాళ్లూ ఎందుకు విన్నావే?" అంది. నా దగ్గర జవాబు లేదు. నాలుగు రోజులు ఫోన్ లేదు. ఐదోరోజు చేసి, బావగారి ఊసెత్తకుండా, అరగంట నా సంగతులే అడిగింది. ఎమ్మా లివైన్, టాయా కోహెన్ అనే ఇద్దరు 2018లో ప్రచురించిన పరిశోధనలో, మూడు రోజులు పూర్తి నిజాయితీగా ఉన్నవాళ్లకు అది ముందు భయపడినంత కష్టంగా ఏమీ అనిపించలేదట. క్లాసులో ఇది చెప్పి ధైర్యం నూరిపోశారు. ఆ నాలుగు రోజుల్లో నన్నడిగి ఉంటే ఇంకోలా చెప్పేదాన్ని.

నేను చేరేటప్పుడు ప్రకటనలో "ఇంకా 3 సీట్లే మిగిలాయి" అని ఉంది. తర్వాతి బ్యాచ్ ప్రకటనలో నెల దాటినా అవే 3 సీట్లు. ఐదో వారం అందరి ముందూ అడిగేశాను. ట్రైనర్ నవ్వబోయి ఆగారు. నీళ్ల సీసా మూత తీసి, తాగకుండానే మళ్లీ బిగించారు. "అది అబద్ధమేనండీ. అలా రాస్తే తొందరపడి చేరతారని పెట్టాం" అన్నారు. మర్నాటికి ఆ లైను తీసేశారు. మొత్తం కోర్సులో ఆయన మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

చివరిరోజు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారు. ట్రైనర్ ఎదురుగా స్క్రీన్ మీద కనిపిస్తుంటే మొహమాటపడి "చాలా బాగుంది" నొక్కేశాను. రాత్రి నోట్‌బుక్ తీసి అది కూడా రాసుకుని, ఈ రివ్యూ మొదలుపెట్టాను. పూర్తవగానే ముందు ఆయనకే పంపిస్తున్నాను.