చెక్ ఇంజిన్ లైటు ఆరదు, ఆరినా మళ్లీ వెలుగుతుంది: చవక బ్లూటూత్ స్కానర్‌తో నా అనుభవం

మూడు నెలలుగా నా పికప్ ట్రక్కు డాష్‌బోర్డు మీద ఆ పసుప్పచ్చ ఇంజిన్ బొమ్మ వెలుగుతూనే ఉంది. బండి లాగుడు తగ్గలేదు, పొగ లేదు, ఆగి ఉన్నప్పుడు మాత్రం ఇంజిన్ సన్నగా వణికేది, పాత బండి కదా అని సరిపెట్టుకున్నాను. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే తన మెషిన్ తగిలించి లైటు ఆర్పేసి "అయిపోయింది సార్" అన్నాడు. నాలుగో రోజుకి మళ్లీ వెలిగింది. రెండోసారి వెళ్తే ఎగ్జాస్ట్ పొగలో ఆక్సిజన్ కొలిచే ఆక్సిజన్ సెన్సర్ మార్చాడు, వారం ఆగి మళ్లీ అదే కథ. మూడోసారి వెళ్లడానికి మనసొప్పక ఈ బ్లూటూత్ ఓబీడీ స్కానర్, అంటే బండి కంప్యూటర్ పట్టుకున్న తప్పుల కోడ్‌లని ఫోన్‌లో చూపించేది, కొన్నాను.

అగ్గిపెట్టంత ఉంటుంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి, ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే చాలు. మొదటి రోజు ఫోన్‌కి కలవడానికే అరగంట పట్టింది. డబ్బా మీద ఏం రాసినా, లోపల ఉండేది బండి కంప్యూటర్‌తో మాట్లాడే ఈఎల్‌ఎమ్327 అనే చిప్‌కి నకలే, ఈ చవక రకాలన్నీ దాదాపు అంతే. అయినా నా పనికి అది సరిపోయింది.

రెండు కోడ్‌లు వచ్చాయి, పీ0171, పీ0174. అంటే ఇంజిన్ రెండు వైపులా పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని. నాది వీ6, అంటే వైపుకి మూడేసి సిలిండర్లు, రెండు వైపులకీ వేరువేరు సెన్సర్లు. రెండూ ఒకేసారి ఒకే మాట చెబుతున్నాయంటే తప్పు సెన్సర్లది కాదు, రెండు వైపులకీ ఉమ్మడిగా ఉన్న దేనిదో అయ్యుండాలి. ఈ చిన్న లెక్క ముందే వేసుకుని ఉంటే ఆ సెన్సర్ ఖర్చు మిగిలేది. యాప్ కూడా "ఆక్సిజన్ సెన్సర్ మార్చండి" అనే సలహా ఇచ్చింది! దాని సలహాలు నమ్మకండి, అంకెలు మాత్రం నమ్మండి.

అంకెలంటే లైవ్ డేటా. ఈ వస్తువుకి పెట్టిన డబ్బంతా దీనికే అనుకోండి. అందులో ఫ్యూయల్ ట్రిమ్ అని ఉంటుంది, కంప్యూటర్ తన లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోలు కంటే ఎన్ని శాతం ఎక్కువో తక్కువో పోస్తోందో చెబుతుంది. సున్నాకి అటూ ఇటూ 5 దాకా ఉంటే బెంగ లేదు, 10 దాటి అక్కడే కూర్చుంటే ఏదో ఉన్నట్టే. నాది ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సర్దుబాటు), లాంగ్ టర్మ్ (అలవాటుగా నేర్చుకున్నది) కలిపి 24 శాతం ఎక్కువ. యాక్సిలరేటర్ తొక్కి 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే 7కి దిగిపోయింది. ఎక్కడో సందులోంచి దొంగగాలి దూరుతోందన్నమాట. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం కాబట్టి అందులో దొంగగాలి వాటా పెద్దగా కనిపిస్తుంది, రేసు పెంచితే అసలు గాలి పెరిగి ఆ వాటా చిన్నదైపోతుంది. ఇదే తిరగబడి, బండి బరువు లాగేటప్పుడు ట్రిమ్ పెరిగితే ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, లేకపోతే మురికి పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సర్ వైపు చూడాలి. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో కూడా, అంటే కోడ్ పడిన క్షణంలో కంప్యూటర్ దాచిపెట్టుకున్న రీడింగుల్లో, స్పీడు సున్నా, ఇంజిన్ బాగా వేడెక్కి ఉంది. మెకానిక్ లైటు ఆర్పిన ప్రతిసారీ ఈ సాక్ష్యం కూడా తుడిచిపెట్టుకుపోయింది మరి.

సందు వెతకడానికి స్ప్రే కొడతారు చాలామంది. వేడి ఎగ్జాస్ట్ పక్కన మండే స్ప్రే అంటే నాకు భయం, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బెల్టుకీ ఫ్యాన్‌కీ దూరంగా చెయ్యి పెట్టి, ఒక్కో రబ్బరు గొట్టం నొక్కుకుంటూ పోయాను. వెనకవైపు పీసీవీ గొట్టం, అంటే ఇంజిన్ లోపలి ఆవిర్లని మళ్లీ గాలి దారిలోకి పంపే గొట్టం, మలుపు దగ్గర ఆయిల్‌కి నాని మెత్తబడిపోయి, కింది వైపు చీలి ఉంది. పైనుంచి చూస్తే శుభ్రంగా కనిపిస్తుంది. చీలికని వేలితో మూసి పట్టుకుంటే ఫోన్‌లో అంకెలు మెట్టుమెట్టుగా దిగడం మొదలైంది. మూడు నెలల టెన్షన్ అక్కడ పోయింది.

కొత్త గొట్టం వేశాక కోడ్‌లు చెరపలేదు, కావాలనే. మూడు డ్రైవ్ సైకిళ్లు (స్టార్ట్ చేసి, కాస్త నడిపి, ఆపడం ఒక సైకిల్) వరసగా తప్పు కనబడకపోతే లైటు తనంతట తనే ఆరిపోతుంది, ఆరితేనే రిపేరు నిజమని నమ్మకం. పైగా చెరిపితే రెడీనెస్ మానిటర్లు, అంటే కంప్యూటర్ తనని తాను పరీక్షించుకున్న గుర్తులు, కూడా సున్నాకి వెళ్లిపోతాయి, పొల్యూషన్ టెస్టులో వాటిని చూస్తారనుకోండి, అప్పుడు ఇంకో తలనొప్పి. నాది ఐదో రోజున ఆరింది. ఇప్పటికి రెండు నెలలు. ఊరుకోలేక ఆ పాత సెన్సర్‌ని మళ్లీ బిగించి చూశాను, 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతోంది, దానికేం రోగం లేదు.

ఇక తిట్లు. యాప్ నిండా ప్రకటనలే. కనెక్షన్ మధ్యలో తెగుతుంది, సరిగ్గా గ్రాఫ్ చూడాల్సిన సమయంలోనే. ఒకేసారి ఆరేడు రీడింగులు పెడితే నత్తనడక, రెండే పెట్టుకోండి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు కూడా చదువుతుందని డబ్బా మీద ఉంది, నా బండిలో ఒక్కటీ చదవలేదు. మామూలు బ్లూటూత్ రకం ఐఫోన్‌కి కలవదు, వైఫైది గానీ బ్లూటూత్ లో ఎనర్జీది గానీ చూసి కొనండి. ఆ సాకెట్‌కి తాళం తీసేశాక కూడా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది కాబట్టి వారాల తరబడి గుచ్చి వదిలేయకండి, మోకాలికి తగులుతుంది కూడా.

లైటు నిలకడగా వెలిగితేనే ఈ తీరుబడి పరిశోధనలు. మిణుకుమిణుకుమంటుంటే మిస్‌ఫైర్, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండడం లేదు, ఆ కాలని పెట్రోలు పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని మాడ్చేస్తుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి బండి పక్కన ఆపండి. పీ0442, పీ0455 లాంటివి, అంటే పెట్రోలు ఆవిరి ఎక్కడో లీకవుతోందనే కోడ్‌లు, వస్తే ముందు పెట్రోలు ట్యాంకు మూత తీసి, రబ్బరు చూసి, బిగించి రెండు రోజులు ఆగండి.

ఐదుకి నాలుగు స్టార్లు. కోసిన ఆ ఒక్కటీ యాప్ పుణ్యమే.