చేతి వణుకు ఉన్నవారికి బరువు చెంచా: ఎంతవరకు అక్కరకు వస్తుంది?

అన్నం కలిపి ముద్ద తినడంలో మా అమ్మగారికి పెద్ద ఇబ్బంది లేదు. సాంబారు, పాయసం వంటివి చెంచాతో తీసుకునేటప్పుడే నోటిదాకా వెళ్లేసరికి సగం ఒలికిపోయేది. అందుకని లావుపాటి పిడితో, సుమారు 200 గ్రాములు తూగే స్టీలు చెంచాను ఆన్‌లైన్‌లో తెప్పించాము.

పిడికి వేసిన రబ్బరు తడి చేతికి కూడా జారదు, కడగడం సులువు. ఆ బరువుకు చేతి కుదుపు కొంత అణగడంతో ఆమె ఇప్పుడు సాంబారు ఇడ్లీని ఎవరి సాయమూ లేకుండా తింటున్నారు, నలుగురిలో కూర్చుని తినడానికి జంకడం లేదు. నా దృష్టిలో దీని విలువంతా అదే. అయితే ఇది అందరికీ ఒకేలా పనిచేయదు, మణికట్టు బలహీనంగా ఉన్నవారికి ఈ బరువే భారమవుతుంది.

పెట్టె మీద ‘వణుకుకు పరిష్కారం’ అని అచ్చువేయడం మాత్రం నాకు బొత్తిగా నచ్చలేదు. చెంచా ఒలకడాన్ని తగ్గిస్తుందే గాని వణుకుకు కారణం చెప్పదు, ఆ కారణం తెలియడమే ముఖ్యం. కప్పు ఎత్తేటప్పుడు, సంతకం చేసేటప్పుడు రెండు చేతులూ వణుకుతుంటే అది ఎసెన్షియల్ ట్రెమర్ కావచ్చు, ఇది తరచుగా వంశపారంపర్యంగా వస్తుంది. చేయి ఒడిలో ఊరకే ఉన్నప్పుడు ఒక పక్కనే వణుకు మొదలై, నడక నెమ్మదించి, రాసే అక్షరాలు రానురాను చిన్నవవుతుంటే పార్కిన్సన్ వ్యాధిని అనుమానించాలి. థైరాయిడ్ అతిగా పనిచేసినా, ఉబ్బసానికి సాల్బుటమాల్, మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతున్నా చేతులు వణకవచ్చు. 40 ఏళ్లలోపు వారిలోనైతే, శరీరంలో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి కూడా వైద్యుల ఆలోచనలో ఉంటుంది.

మేము చెంచా కొనడానికి ముందే న్యూరాలజిస్టును కలిశాము. ఆయన అమ్మగారి చేత కాగితంపై చుట్టలు గీయించి, చేతులు చాపించి, వేలితో ముక్కును తాకించి చూసి, థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాక ఎసెన్షియల్ ట్రెమర్ అని తేల్చి ప్రొప్రనొలాల్ రాశారు. ఆ మందు ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదకరం కనుక ఇంకొకరి చీటీ చూసి కొనుక్కోకూడదు. వణుకు రోజువారీ పనులకు అడ్డువస్తున్నా, క్రమంగా పెరుగుతున్నా వయసు మీద నెట్టేయకుండా వైద్యుణ్ణి కలవాలి. ఉన్నట్టుండి మొదలై మాట ముద్దగా వచ్చినా, ఒక పక్క చేయీ కాలూ పట్టు తప్పినా వెంటనే 108కు ఫోన్ చేయాలి.

కారణం తెలిసి, చికిత్స మొదలైన తరువాత తోడుగా వాడుకునేవారికి ఈ చెంచాను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఫోర్కు, కత్తి కలిపిన సెట్టు కాకుండా విడి చెంచా దొరికితే అదే తీసుకోండి, మన భోజనానికి మిగతావి పెద్దగా అవసరపడవు.