ఫెలోషిప్ రెండేళ్ళు, ఆరంజ్ మూత సిరంజి

రెండేళ్ళు బస్తీలో ఇంటింటికీ వెళ్ళి రోగుల్ని చూసుకునే కమ్యూనిటీ హెల్త్ ఫెలోషిప్‌లో చేరమంటావా అక్కా అని నర్సింగ్ జూనియర్లు అడుగుతుంటారు. స్టైపెండ్, ఎంపిక సంగతులు నోటిఫికేషన్‌లోనే ఉంటాయి, వదిలేస్తున్నా. నేను చెప్పేది ఇంటింటికీ తిరగడం గురించి. నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్‌లో రానిది నాకు అక్కడే వచ్చింది. ఉద్యోగంలో దెబ్బ తిన్నదీ దాని వల్లే.

మాది నెల్లూరు పక్క పల్లె. 2021 చివర్లో మద్రాసు వచ్చి పెరంబూరులో పెద్దమ్మ వాళ్ళింట్లో దిగాను. నాకిచ్చిన ఏరియా పుళియంతోపు వైపు. తమిళం రాదని బెదురుతా వెళ్తే, చాలా ఇళ్ళలో తెలుగే. తాతల కాలంలో మన వైపు నుంచి పారిశుద్ధ్యం పనికొచ్చి నిలిచిపోయిన కుటుంబాలు. ఆ ఏడు ఆగస్టులోనే మొదలైన తమిళనాడు ప్రభుత్వ పథకం 'మక్కళై తేడి మరుత్తువం' (జనం దగ్గరికే వైద్యం) కింద బీపీ, షుగర్ మాత్రలు ఇంటికి తెచ్చిచ్చే ఆడవాళ్ళే నాకు సందులన్నీ చూపించారు.

కాలేజీలో బ్యాగ్ టెక్నిక్ అని నేర్పుతారు: పేపరు పరిచి, బ్యాగు దాని మీద పెట్టి, చేతులు కడుక్కున్నాకే తెరవాలి. అక్కడ పేపరు పరిచేంత నేల ఖాళీగా ఉండదు. కుళాయి వీధి చివర. ఇంటామె ప్లాస్టిక్ బిందెలో నీళ్ళు చెంబుతో ముంచి పోస్తే గుమ్మం బయటే కడుక్కునేదాన్ని.

అరవై దాటిన ఒకామెకి షుగర్ 300 నుంచి దిగేది కాదు. ఇన్సులిన్ 14 నుంచి 22కి, 22 నుంచి 30 యూనిట్లకి పెంచారు. అన్నం మానలేదని కోడలు, స్వీట్లు తింటోందని నేను, అందరం ఆమెనే తిట్టాం. ఒకరోజు పొద్దున ఏడింటికే వెళ్ళి, నా ముందే వేసుకోమన్నా. స్టీలు డబ్బాలోంచి తీసిన సిరంజికి ఆరంజ్ మూత. సీసా మీద చూస్తే మిల్లీలీటరుకి 40 యూనిట్లు. 40 సీసాకి ఎర్ర మూత సిరంజి వాడాలి, ఆరంజ్ మూతది 100 సీసాకి. దాంతో 30 గీత దాకా లాగినా ఆమె ఒంట్లోకి వెళ్ళేది 12 యూనిట్లే! ఎర్రవి అయిపోయాయని మందుల షాపులో ఇవి ఇచ్చారట, నాలుగు నెలల కిందట.

ఇంతవరకూ మొదటి ఏడాదిలోనే అందరికీ గొప్పగా చెప్పుకున్నా. చెప్పనిది ఇది. ఆ రోజే ఎర్ర మూత సిరంజిలు కొనిచ్చి, 30 దాకా లాగడం చూపించి వచ్చేశా. డాక్టరుకి ఫోన్ చెయ్యలేదు. ఆ 30 అనేది, లోపలికి సగం కూడా వెళ్ళని రోజుల్లో పెంచుకుంటూ పోయిన అంకె అని నాకు తట్టలేదు. మర్నాడు పదకొండింటికి కోడలి ఫోన్: "అత్తకి ఒళ్ళంతా చెమటలు నర్సమ్మా, మాట తడబడతా ఉంది." మింగగలుగుతోందా అని అడిగి, మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించమని చెప్పి పరిగెత్తా. మీటర్‌లో 48. పావుగంట తర్వాత ఇంకోసారి తాగిస్తే తేరుకుంది. డాక్టరు డోసు 16కి దించారు. మా మెంటరమ్మ తిట్టలేదు. జరిగింది జరిగినట్టు రిజిస్టర్‌లో నా చేతే రాయించింది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెడికల్ వార్డు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు డిశ్చార్జికి ముందు ఇంట్లో వాడే సీసా, సిరంజి తెచ్చి నా ముందు లాగి చూపిస్తేనే సంతకం పెడతా. తేడా ఉంటే డోసు సంగతి ముందు డాక్టరుకి చెబుతా. ఆరు నెలల్లో ముగ్గురి దగ్గర ఆరంజ్ మూత దొరికింది. చాదస్తం అంటారు వార్డులో. అననీ.

ఇక దెబ్బ సంగతి. ఫెలోషిప్ అయ్యాక వెళ్ళిన ఇంటర్వ్యూలో ఫారం నిండా ఒకటే గోల, ఎన్ని పడకల ఆసుపత్రిలో పనిచేశారు అని. పడకలు కావండీ, చాపలు అందామనుకున్నా. నా రెండేళ్ళనీ సున్నాగా కట్టి ఫ్రెషర్ జీతం ఇచ్చారు. నాతో చదివినమ్మాయి కిందే డ్యూటీ. గల్ఫ్ ఏజెంటూ అంతే, రెండేళ్ళు వార్డు అనుభవం చూపించమన్నాడు.

అప్పట్లో క్లాస్ వాట్సాప్ గ్రూపులో "అందరూ చేరండే" అని రాశా. ఇప్పుడైతే అట్ట రాయను. నాకు అద్దె లేదు, లోను నాన్న కట్టాడు. పైగా మెంటర్ బాగా దొరికింది మొదటి ఏడాదే. రెండో ఏడు ఆమె వెళ్ళిపోయాక మూడు నెలలు మమ్మల్ని అడిగిన నాథుడు లేడు. 2018 తర్వాత వచ్చిన సీహెచ్‌ఓ, అంటే సబ్‌సెంటర్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ ఉద్యోగం, మన ఆంధ్రలో ఎంఎల్‌హెచ్‌పీ అంటారే, అటు వెళ్ళాలనుకునేవాళ్ళకి ఈ తిరుగుడు పనికొస్తుంది. విదేశం మీద కన్ను ఉంటే మాత్రం ఆలోచించుకోవాలి.

మా చెల్లి ఈ ఏడే జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా పూర్తిచేసింది, లోను ఇంకా ఉంది. ముందు రెండేళ్ళు వార్డులో చేసి తర్వాత వెళ్ళమన్నా. సరే అంది. ఫెలోషిప్‌కి అప్లికేషన్ అప్పుడే పెట్టేసిందని నిన్న అమ్మ ఫోన్లో చెప్పింది.