హేరోదు కొలువా, మగ్దలేనే మరియ నాట్యమా: దొరల వేడుక చూడాలంటే ఏది మేలు?

అయిదు వందల ఏళ్ల కిందట యూరప్ దొరల విందులు, ఆటపాటలు ఎలా ఉండేవో ఒక్క ప్రింట్‌లో చూడాలంటే ఏది చూడాలి? నా మనసు రెండిటి దగ్గరే ఆగుతుంది. ఒకటి ఇజ్రాయెల్ ఫాన్ మెకెనెమ్ 1500 ప్రాంతంలో చెక్కిన హేరోదు కొలువులోని నాట్యం, రెండోది లూకాస్ ఫాన్ లేడెన్ 1519లో చెక్కిన మగ్దలేనే మరియ నాట్యం. రెండూ రాగిరేకు మీద గీతలు చెక్కి, వాటిలో సిరా నింపి, తడి కాగితం మీద ఒత్తి తీసినవే. పేరుకి బైబిలు కథలు (ఒకటి హేరోదు రాజు విందులో నాట్యమాడిన అమ్మాయి బహుమతిగా యోహాను ప్రవక్త తల అడిగిన కథ, రెండోది లోకసుఖాలు వదిలి యేసు శిష్యురాలైందని చెప్పుకునే మరియ కథ), కనిపించేది మాత్రం చెక్కినవాళ్ల కాలపు పెద్దింటి మనుషులే.

పనితనం ఒక్కటే చూస్తే లూకాస్‌దే పైచేయి, సందేహం లేదు. ముందు చెట్ల నీడలో మరియ ఒక పెద్దమనిషి చెయ్యి పట్టుకుని అడుగులేస్తుంటుంది, చుట్టూ జంటలు గడ్డి మీద కూర్చుని కబుర్లలో ఉంటాయి. కాస్త వెనక ఆమే గుర్రమెక్కి వేటకి పోతుంది, ఇంకా దూరంగా కొండ పక్కన ఆమెనే దేవదూతలు పైకి తీసుకెళ్తుంటారు. ఒకే మనిషి మూడు చోట్ల! దూరం పోయేకొద్దీ గీతలు పలచబడి, నిజంగానే గాలి మధ్యలో ఉన్నట్టుంటుంది. లూకాస్‌లోని ఈ నేర్పుని చిత్రకారుల జీవితాలు రాసిన ఇటలీ వాడు వసారి కూడా మెచ్చుకున్నాడు. కాకపోతే అంత సన్నటి గీతలు రేకు అరిగేకొద్దీ మాసిపోతాయి, అందుకే మొదట్లో తీసిన కాపీ దొరికితే అదే చూడండి.

మెకెనెమ్ జర్మనీలోని బోఖోల్ట్ ఊళ్లో కంసాలి. ఆ చెయ్యి బొమ్మంతా తెలుస్తుంది: నేలమీద జీరాడే గౌన్లు, మడత మీద మడత, మగవాళ్ల బిగుతు దుస్తులు. మధ్యలో ఎత్తు మీద మన సన్నాయికి చుట్టమైన వాద్యంతో మేళగాళ్లు, వాళ్ల చుట్టూ జంటలు. మనుషులు కాస్త బిగుసుకున్నట్టుంటారు, లోతు కూడా అంత కుదరలేదు, నిజమే. కానీ వెనక్కి వెళ్లి వెతకండి: ఒక మూల చిన్నగా యోహాను తల నరికేస్తున్నారు, ఇంకో మూల భోజనాల బల్ల దగ్గరికి ఆ తలని తెస్తున్నారు. నాట్యం చేసేవాళ్లు ఒక్కరూ అటు చూడరు.

(బైబిలు సాకే వద్దనుకుంటే, ఎంజెడ్ అని సంతకం చేసిన కళాకారుడి 1500 నాటి నాట్యం ప్రింట్ ఉంది. అందులో కిటికీ దగ్గర ఒక జంట పేకాడుతుంటుంది. అది జర్మనీలోని మ్యూనిక్ దొర కొలువు అంటారు.)

నా ఓటు మెకెనెమ్‌కే. లూకాస్ బొమ్మలో తీరిక ఉంది, ప్రకృతి ఉంది, కానీ విందు బల్ల లేదు. విందూ మేళమూ బట్టలూ అన్నీ ఒకే గదిలో కావాలంటే, ఆ గదిలో జరుగుతున్న ఘోరంతో సహా కావాలంటే, హేరోదు కొలువుకే వెళ్లాలి. మ్యూజియం వెబ్‌సైట్‌లో తెరిచి బాగా జూమ్ చేయండి, ముందు నాట్యం చేసేవాళ్ల ముఖాలు చూసి, ఆ తర్వాతే వెనక మూలలకి వెళ్లండి.