చర్చికి కాపలా: కెమెరాలా, మనుషులా?

చిత్తూరులో మా చర్చి కమిటీ ముందున్న చర్చ ఇదే: ఉన్న డబ్బుతో సీసీ కెమెరాలు పెట్టించాలా, రాత్రి వాచ్‌మన్‌ని పెట్టుకోవాలా?

కెమెరాలకు ఒక్కసారి ఖర్చు పెడితే సరిపోతుందనుకుంటాం. నాలుగు 2 మెగాపిక్సెల్ కెమెరాలు రాత్రింబవళ్లు రికార్డు చేస్తే 1 టీబీ డిస్కు దాదాపు 10, 12 రోజులకే నిండి, పాత దృశ్యాల మీద కొత్తవి పడతాయి. కానుకల పెట్టె నెలకోసారి తెరిచే చోట ఇదే చిక్కు. దొంగతనం బయటపడేసరికి ఆ రికార్డు ఉండదు. కరెంటు పోతే ఇన్వర్టర్ కావాలి. కెమెరా దృశ్యాలను రికార్డు చేసే యంత్రం, డీవీఆర్‌ని ఆఫీసు గదిలో బల్ల మీద పెడితే దొంగ దాన్నే చంకన పెట్టుకుపోతాడు. తాళం వేసిన బీరువాలో, గాలి ఆడేలా పెట్టాలి.

వాచ్‌మన్‌కి నెలనెలా జీతం. నిద్రపోతాడు, నిజమే. కానీ గోడ దూకే వాణ్ణి కెమెరా కేక వేసి ఆపదు కదా! షార్ట్ సర్క్యూట్ అయి పొగ వస్తే మెయిన్ ఆపి 101కి ఫోన్ చేసేది మనిషే.

ఆదివారం సంగతి వేరు. 2019 ఈస్టర్ నాడు శ్రీలంక చర్చిల్లో బాంబులు పేలాక, వాకిట్లో బ్యాగుల మీద కన్నేసే మనిషి విలువ తెలిసింది. ఆ పనికి మన యూత్ పిల్లలు చాలు, జీతమక్కర్లేదు.

నన్నడిగితే ముందు వాచ్‌మన్, తర్వాత కానుకల పెట్టె మీద ఒక్క కెమెరా. ఆ పెట్టెను వారం వారం ఇద్దరి ఎదుట తెరవాలి.